గిద్దెడు బియ్యం: షుగరున్న ఇంట్లో అందరికీ ఒకటే వంట

మా అత్తగారు కాపరానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న, బియ్యం కొలిచే చిన్న ఇత్తడి గిద్ద ఒకటి మా ఇంట్లో ఉంది. అంచు ఒకచోట సొట్టపోయింది కానీ చింతపండు పెట్టి తోమితే ఇప్పటికీ మెరుస్తుంది. ఎన్నో ఏళ్ళు అది బియ్యం డబ్బాలో ఊరికే పడి ఉండేది. ఎవరైనా వస్తే ఎసట్లో ఇంకో గుప్పెడు వేయడమే తప్ప కొలిచి వండే అలవాటు నాకు లేదు. తొమ్మిదేళ్ళ కిందట షుగరు బయటపడ్డాక ఆ గిద్ద నా చేతికొచ్చింది. మాత్రలతో పాటు నన్ను ఇన్నాళ్ళు నిలబెట్టింది అదే.

మాది విశాఖపట్నంలో కంచరపాలెం. నాది కుట్టు మిషను పని. పొద్దున్న తొమ్మిదికి కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి తప్ప లేవను. నలభై ఏడో ఏట పరగడుపు షుగరు 186, మూడు నెలల యావరేజి అని మనం అనుకునే హెచ్‌బీఏ1సీ 8.9 వచ్చాయి. పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5, ఈ అంకెలకి చేరితే షుగరు వచ్చినట్టే లెక్క. "అన్నం తగ్గించండమ్మా, స్వీట్లు మానండి" అని చెప్పి మాత్రలు రాసిచ్చి పంపించారు. ఎంత తగ్గించాలో, తగ్గించిన చోట ఏం పెట్టుకోవాలో, ఇంట్లో మిగతా నలుగురికీ ఏం వండాలో ఎవరూ చెప్పలేదు. ఇవాళ నా దగ్గరికి జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చే ఆడవాళ్ళు కూడా ఆ ఒక్క మాటే పట్టుకుని ఇంటికొస్తున్నారు. కొలతలు తీసుకుంటూ వాళ్ళకి నోటితో చెప్పేదే ఇప్పుడు కుదురుగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మందుల మోతాదు విషయంలో మీ డాక్టరు గారి మాటే మాట. నేను చెప్పేది వంటగది సంగతి.

అన్నం పూర్తిగా మానకండి

మొదట నేను చేసిన తప్పు అదే. అన్నం మొత్తం మానేశాను. పొద్దున్న ఓట్సు, మధ్యాహ్నం రెండు చపాతీలు, రాత్రి రెండు చపాతీలు. నెల తిరిగేసరికి నీరసం, చిరాకు, ఎవరు పలకరించినా కోపం. మధ్యాహ్నం మూడింటికి ఆకలికి ఆగలేక మిక్స్చరు, బిస్కెట్లు తినేదాన్ని. షుగరు దిగలేదు.

ఆ డిసెంబరులోనే మార్గశిర లక్ష్మివారం వచ్చింది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం అయ్యేదాకా ఏమీ తినకూడదని ఉపవాసం ఉన్నాను. మాత్ర మాత్రం అలవాటు ప్రకారం పొద్దున్నే వేసేసుకున్నాను. దర్శనం చేసుకుని ఇంటికొచ్చేసరికి పదకొండయింది. పెళ్ళివారి జాకెట్టు ఆ సాయంత్రానికి ఇవ్వాలి, ముందు హుక్కులు కుట్టేసి తిందాంలే అని కూర్చున్నాను. సూదిలో దారం ఎక్కలేదు. మూడుసార్లు ప్రయత్నించాను, చెయ్యి వణుకుతోంది. మెడ వెనక నుంచి చల్లటి చెమట. గుండె దడ. కోడలు చూసి మీటరు తెచ్చి పొడిస్తే 54. గ్లాసుడు నీళ్ళల్లో మూడు స్పూన్ల పంచదార కలిపి తాగించింది. పావుగంటకి మళ్ళీ చూస్తే 83. అప్పుడు అన్నం తిన్నాను.

ఆ రాత్రి మా అత్తగారు గిద్ద తీసుకొచ్చి నా ముందు పెట్టారు. "అన్నం మానీసి ఎన్నాళ్ళుంతావే? గిద్దెడు తిను. ఆ గిద్ద దాటకు" అన్నారు. ఆవిడ చదువుకోలేదు. కానీ ఆ తర్వాత నేను కలిసిన డైటీషియనమ్మ చెప్పిందీ అదే. అన్నం శత్రువు కాదు, కొలత లేకపోవడమే చేటు.

గిద్దని ఎలా వాడాలి

గిద్దలన్నీ ఒక్కలా ఉండవు. అందుకని ముందు మీ ఇంట్లో ఉన్న గిద్దో, చిన్న గ్లాసో తీసుకుని బియ్యం పోసి, అంచుకి సమంగా చేత్తో రాసేసి, కిరాణా కొట్లో కాటా మీద పెట్టించండి. మా గిద్దకి 50 గ్రాములు తూగింది. యాభై గ్రాముల బియ్యంలో పిండిపదార్థం దగ్గర దగ్గర 40 గ్రాములు. పూటకి అంత అన్నం నాలాంటి కూర్చుని పని చేసే ఆడమనిషికి సరిపోతుంది. తాపీ పనికి వెళ్ళేవాళ్ళకి, హార్బరులో బరువులు మోసేవాళ్ళకి ఇంకాస్త కావాలి. మీ మనిషికి ఎంతో డాక్టరు గారినో డైటీషియన్నో ఒక్కసారి అడిగి ఖాయం చేసుకోండి.

ఇంటిల్లిపాదికీ ఒకే కుక్కరులో వండుతాం కదా, మరి నా గిద్దెడు అన్నం ఏదో తెలిసేదెలా? ఒకే ఒక్క రోజు నా గిద్దెడు బియ్యం చిన్న గిన్నెలో విడిగా వండాను. ఉడికిన అన్నాన్ని అదమకుండా ఒక స్టీలు కప్పులోకి తీస్తే అంచుకి వేలెడు కిందకి వచ్చింది. ఇక ఆ కప్పే నా కొలత. రోజూ కుక్కరులోంచి ముందు ఆ కప్పు నింపుకుని, గిన్నె మీద మూత పెట్టేసి, అప్పుడు అందరికీ వడ్డిస్తాను. మారు వడ్డన నాకు ఉండదు. ఈ ఒక్క పనీ కుదిరితే సగం దారి నడిచినట్టే. ఎందుకంటే మనం అన్నం ఎక్కువ తినేది ఆకలికి కాదు. పప్పు మిగిలిందని కాస్త అన్నం, ఆ అన్నం మిగిలిందని కాస్త చారు, చివరికి పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టు ఉండదని ఇంకాస్త. ఇప్పుడు నా కప్పుని నాలుగు ముద్దలుగా విడగొట్టుకుంటాను. పప్పుకి ఒకటి, కూరకి ఒకటి, చారుకి ఒకటి, పెరుగుకి ఒకటి. నాలుగు రుచులూ దక్కుతాయి.

గంజి వారిస్తే షుగరంతా పోతుందని చాలామంది నమ్మకం. కొంత పిండి గంజిలో పోతుంది కానీ, వార్చిన అన్నమే కదా అని రెండు కప్పులు తింటే ఆ లాభం పోయినట్టే. చద్దన్నం సంగతీ అంతే. రాత్రంతా చల్లారిన అన్నంలో కొంత పిండి తొందరగా అరగని రకంగా మారుతుంది, అది నిజం. అయినా నేను చద్దన్నం తిన్న రోజూ అదే కప్పు, అందులో మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ.

కంచంలో ఏది ముందు

కంచాన్ని మనసులో సగానికి గీయండి. ఒక సగం నిండా కూర. రెండో సగంలో మళ్ళీ సగం పప్పు, గుడ్డు, చేప, చికెను ఏదైనా. మిగిలిన పావు జాగా అన్నానికి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహాల్లో మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినమంది. మా ఇంట్లో అయిదుగురం, అంటే రోజుకి రెండు కిలోలు. ఆ మాట వినగానే ఖర్చు గుర్తొచ్చి గుండె ఝల్లుమంది. కానీ రైతుబజారుకి వెళ్ళి బెండకాయే, కాప్సికమే కొనాలని లేదు. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, బూడిద గుమ్మడి, తోటకూర, బచ్చలి, గోంగూర, ఏ కాలానికి ఏది చవకైతే అది. ఒక ఆనపకాయ, నాలుగు కట్టల తోటకూర తెస్తే కంచాల్లో సగాలు నిండుతాయి. బంగాళాదుంప, చేమదుంప, కంద, చిలగడదుంప, అరటికాయ మాత్రం పేరుకే కూరలు. వాటిని అన్నం లెక్కలో వేసుకోవాలి. అరటికాయ ఆవపెట్టిన కూర చేసిన రోజు నా కప్పులో ఒక ముద్ద అన్నం తగ్గిస్తాను. పనసపొట్టు కూరకి ఆ బాధ లేదు, మనసారా తినొచ్చు, నూనె చెయ్యి ఒకటి అదుపులో ఉంటే చాలు.

ఇంకో సంగతి నాకు బాగా పనికొచ్చింది. ముందు కూర, పప్పు, గుడ్డు తినేసి, అన్నం చివర తినడం. అదే భోజనం, అదే కొలత, వరస మారితే చాలు, షుగరు ఎక్కడం నెమ్మదిస్తుంది. కూరలోని పీచు, పప్పులోని మాంసకృత్తులు ముందు కడుపులోకి వెళితే వెనక వచ్చే అన్నం అరగడం ఆలస్యమవుతుంది. ఉత్త కూర తినడం మనకి అలవాటు లేదు, ఉప్పగా అనిపిస్తుంది. అందుకే మా ఇంట్లో కూరల్లో ఉప్పు, కారం సగం తగ్గించాను. మొదటి వారం అందరూ గునిశారు, తర్వాత అలవాటైంది. బీపీ ఉన్న మా ఆయనకి కూడా అదే మంచిదైంది. రోజు మొత్తం మీద మనిషికి 5 గ్రాముల ఉప్పు చాలు, అంటే ఒక చిన్న చెంచాడు, అందులోనే ఊరగాయ కూడా. ఆవకాయ బద్ద ఒకటి, రోజు విడిచి రోజు. అంతకి మించి నేను వేసుకోను.

మా వైపు వంటల్లో బెల్లం పడని పులుసు తక్కువ. అనకాపల్లి బెల్లం చేతికందే దూరంలో పెరిగినవాళ్ళం, గుమ్మడికాయ పులుసులో బెల్లం లేకపోతే అది పులుసే కాదంటారు. బెల్లం పంచదార కాదు కదా, మంచిదే కదా అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఒంట్లోకి వెళ్ళాక మీటరుకి ఆ తేడా తెలీదు. తేనె కూడా అంతే. అలా అని ఇంట్లో వాళ్ళందరి నోటికీ అడ్డం పడను. ముక్కలు ఉడికి, చింతపండు రసం మరిగి పచ్చివాసన పోయాక, బెల్లం వేసే ముందు రెండు గరిటెలు నా గిన్నెలోకి తీసేసుకుంటాను. ఆ తర్వాతే పులుసులో బెల్లం పడుతుంది. నా గిన్నెలో పులుపు పొడుచుకొస్తుంది కనుక, మొదటి నుంచీ చింతపండు కొంచెం తగ్గించి, ఉల్లిపాయ ముక్కలు పెద్దవి నాలుగు ఎక్కువ వేస్తాను. వేయించి దంచిన నువ్వుల పొడి ఒక స్పూను నా గిన్నెలో కలుపుతాను. ఉడికిన ఉల్లిపాయ తీపి, నువ్వుల కమ్మదనం కలిసి పులుపుని కిందకి దించుతాయి. ఇంగువ పోపు రెండు గిన్నెలకీ ఒకటే. షుగరు మనిషికి వేరే వంట, వేరే పొయ్యి పెడితే ఆరు నెలలు కూడా సాగదు. ఆఖరి నిమిషంలో గిన్నె వేరు చేయడం ఎన్నేళ్ళయినా సాగుతుంది.

చోళ్ళు మంచివే, కొలతతో

ఈమధ్య అందరూ సిరిధాన్యాలంటున్నారు. మనకి కొత్తవి కావు. చోడి అంబలి, అంటే రాగి అంబలి, తాగి పెరిగిన జిల్లాలు మనవి. చోళ్ళల్లో కాల్షియం, పీచు బియ్యం కంటే చాలా ఎక్కువ. గంటెలు (సజ్జలు), సామలు, కొర్రలు కూడా మంచివే, సామలు మన్యం నుంచి బాగా దిగుతాయి. కానీ వంద గ్రాముల చోడిపిండిలో పిండిపదార్థం 65 గ్రాముల పైమాటే. చోళ్ళు కదా, షుగరుకి మంచిది కదా అని పెద్ద గ్లాసుడు జావ తాగిన రోజు నా షుగరు రెండు గంటలకి 214. అదే పిండి 40 గ్రాములు, ఉల్లిపాయ, మునగాకు కలిపి రొట్టె కాల్చుకుని గుడ్డుతో తిన్న రోజు 168. మెత్తటి పిండి నీళ్ళల్లో ఉడికి జావ అయితే బేగి అరిగిపోతుంది, బేగి రక్తంలోకి వస్తుంది. జావే కావాలంటే పలచగా, చిన్న గ్లాసుతో, మజ్జిగ పోసి, పక్కన గుప్పెడు ఉడికించిన శనగలు పెట్టుకుని తాగండి. గోధుమకి కూడా ఇదే మాట. మామూలు చపాతీ ఒకటి 30 గ్రాముల పిండి, అందులో 20 గ్రాముల దాకా పిండిపదార్థం. రెండు చపాతీలు నా గిద్దెడు అన్నంతో సమానం. రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు తినేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

పప్పుల దగ్గర మనం పిసినారులం. పప్పుచారు అంటే నీళ్ళే. పూటకి ఒక కప్పు గట్టి పప్పు ఉండాలి. కందిపప్పు ఒకటే కాకుండా పెసలు, బొబ్బర్లు, ఉలవలు, శనగలు మార్చి మార్చి వండండి. పాడేరు, చింతపల్లి వైపు పండే రాజ్మా మన సంచుల్లోకి వస్తోంది, రాత్రి నానబెట్టి పొద్దున్న మెత్తగా ఉడికిస్తే టమాటాతో చక్కటి కూర.

పొద్దున్న టిఫిను

నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ, ఒక టీ. ఇది మన ఊళ్ళో సగం మంది పొద్దున్న. నాకు ఈ టిఫిను తిన్న రెండు గంటలకి 226 వచ్చింది. ఇప్పుడు రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారులో ములక్కాడ, ఆనపకాయ, వంకాయ ముక్కలు నిండా, ఒక ఉడికించిన గుడ్డు. 160 చుట్టూ ఉంటుంది. వారంలో మూడు రోజులు పెసరట్టు, పొట్టు తీయని పెసలతో, అల్లం, ఉల్లిపాయ వేసి. పెసరట్టులో ఉప్మా మాత్రం పెట్టను, అది అట్టులో పెట్టిన గోధుమ రవ్వ. ఉత్త ఉప్మా చేసిన రోజు రవ్వ ఎంతో బీన్సు, క్యారెట్టు, బఠాణీ అంత వేస్తాను. పూరీ, మైసూరు బోండా నెలకోసారి, పండగలాగే తింటాను.

టీ గురించి ఒక్క లెక్క. రోజుకి నాలుగు టీలు, టీకి రెండు స్పూన్లంటే రోజుకి 40 గ్రాముల దాకా పంచదార. ఒక్కరోజులో మానలేకపోయాను. పదిహేను రోజులకి అర స్పూను చొప్పున తగ్గించుకుంటూ రెండు నెలల్లో సున్నాకి వచ్చాను. షుగరు వాళ్ళ బిస్కెట్లని అమ్మేవాటిల్లో పంచదార లేకపోయినా మైదా ఉంటుంది, టీతో పాటు అవి తినడం కంటే పది వేరుశనగ గింజలు నయం.

మీటరుతో మీ వంటని పరీక్షించండి

ఇంతదాకా చెప్పినవి నా అంకెలు. మీ ఒళ్ళు వేరు, మీ మాత్రలు వేరు. అందుకని ఇంట్లో మీటరు ఉంచుకోండి. స్ట్రిప్పులు ఖరీదే, రోజూ అక్కర్లేదు. నేను చేసే పద్ధతి ఇది. ఒక వారం ఒక పూటనే పట్టుకుంటాను, పొద్దున్న టిఫినే అనుకోండి. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన దగ్గర నుంచి సరిగ్గా రెండు గంటలకి ఒకసారి. తినడం ముగించిన దగ్గర నుంచి కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. అలా మూడు రోజులు మూడు రకాల టిఫిన్లకి చూస్తే ఏది మీకు పడుతుందో తెలిసిపోతుంది. మామూలుగా తినేముందు 80 నుంచి 130 మధ్య, తిన్న రెండు గంటలకి 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉంటే చాలామందికి మంచి అదుపు. పెద్ద వయసు వాళ్ళకి, గుండె, కిడ్నీ ఇబ్బందులున్న వాళ్ళకి డాక్టరు గారు వేరే అంకెలు పెట్టవచ్చు.

వేలు పొడుచుకునే ముందు చేతులు నీళ్ళతో కడిగి పూర్తిగా తుడుచుకోవాలి. ఒకసారి మామిడి ముక్కలు కోసిన చేత్తోనే చూసుకుంటే 290 వచ్చి హడలిపోయాను, చెయ్యి కడుక్కుని చూస్తే 151. వేలి కొనన మధ్యలో కాకుండా పక్కన పొడవండి, నొప్పి తక్కువ. నాకు సూది పని కుడిచేత్తో కనుక ఎడమ చేతి ఉంగరం వేలి పక్కన వాడతాను. రక్తం రాకపోతే వేలు గట్టిగా పిండకండి, చెయ్యి కిందకి వేలాడేసి రెండు నిమిషాలు ఆగితే అదే వస్తుంది.

తిన్న వెంటనే పది పదిహేను నిమిషాల నడక కూడా ఈ పరీక్షలో పెట్టి చూడండి. మధ్యాహ్నం అన్నం తిని మిషను ముందు కూర్చున్న రోజుకీ, మేడ మీద పది నిమిషాలు అటూ ఇటూ తిరిగిన రోజుకీ నాకు 25, 30 పాయింట్లు తేడా ఉంటోంది. పొద్దున్న బీచ్ రోడ్డులో గంట నడిచేవాళ్ళని చూసి మనకి తీరిక లేదని బాధపడక్కర్లేదు. భోజనం వెనకాల నడిచే పది నిమిషాలు కూడా లెక్కలోకి వస్తాయి.

చేపల ఊరు మనది

ఇది మనకి దొరికిన అదృష్టం. వంజరం, చందువ ధర పలుకుతాయి, నిజమే. కానీ కవ్వళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు మన సముద్రంలో దండిగా పడతాయి, చవక, గుండెకి మేలు చేసే కొవ్వు ఉన్న చేపలవే. వారానికి రెండుసార్లు చేప ఉంటే చాలు. వేపుడు కాకుండా పులుసో, ఇగురో. పులుసుతో ఒక చిక్కు ఉంది. చేపల పులుసు ఉన్న రోజు అన్నం తెలియకుండా పోతుంది, మర్నాటి పులుసైతే మరీను. అందుకని ముందు నాలుగు ముక్కలు ముళ్ళు తీసుకుని ఉత్తవే తినేస్తాను, ఆ తర్వాతే కప్పు ముట్టుకుంటాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రెండు నెలలూ ఎండు చేపల మీద పడతాం. ఎండు చేపల్లో ఉప్పు చాలా ఎక్కువ. వేడినీళ్ళల్లో నానబెట్టి రెండుసార్లు నీళ్ళు మార్చి, వంకాయలో కొద్దిగా వేసుకోండి. బీపీ ఉంటే ఆ రెండు నెలలూ గుడ్లు, పప్పులతో గడపడమే మేలు.

పళ్ళు, మిఠాయిలు

జామకాయ రోజూ ఒకటి తినొచ్చు, నేరేడు, బొప్పాయి ముక్కలు కూడా. సింహాచలం అనాస వచ్చే రోజుల్లో రెండు చక్రాలు, పనస తొనలు మూడు. మామిడి పండుకి నేను దండం పెట్టి వదిలేయలేదు. సగం పండు, సాయంత్రం నాలుగింటికి, అన్నంతో కాదు. ఏ పండైనా కొరికి తినాలి, రసం తీసి తాగకూడదు. రసంలో పీచు పోతుంది, మూడు పళ్ళు ఒక్క గ్లాసులో దిగిపోతాయి.

మాడుగుల హల్వా ఇంటికొచ్చిందంటే బొటనవేలి గోరంత ముక్క, భోజనం చివర, ఆ పూట ఒక ముద్ద అన్నం తగ్గించి. బీచ్‌కి వెళితే నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు తింటాను, ఆ రాత్రి అరకప్పే అన్నం. పెళ్ళి భోజనాలకి వెళ్ళే ముందు ఇంట్లో ఒక కీరదోసకాయ, గుప్పెడు శనగలు తిని వెళతాను. ఆకలి మీద విస్తరి ముందు కూర్చుంటే ఏ కొలతా గుర్తుండదు.

ఉపవాసాలు, షిఫ్టులు

షుగరు మాత్రల్లో కొన్ని, ఇన్సులిన్, తిన్నా తినకపోయినా షుగరుని కిందకి లాగుతాయి. మీవి అలాంటివో కాదో డాక్టరు గారిని పేరు పెట్టి అడగండి. అలాంటివైతే ఉపవాసం ఉండే ముందు మోతాదు సంగతి అడిగి తీరాలి. 70 కంటే కిందకి దిగితే నాకు జరిగినట్టే చేయాలి. మూడు స్పూన్ల పంచదార నీళ్ళల్లో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్ళీ చూసి, ఇంకా తక్కువుంటే మళ్ళీ తాగి, పైకొచ్చాక అన్నం తినాలి. చాక్లెట్టు, లడ్డూ ఆ సమయానికి పనికిరావు, వాటిల్లోని కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. నా పర్సులో ఇప్పుడు ఎప్పుడూ చిన్న పంచదార పొట్లం ఉంటుంది.

మా అబ్బాయిది షిఫ్టు డ్యూటీ. వాడికి షుగరు లేదు, కానీ వాడితో పని చేసేవాళ్ళు చాలామందికి ఉంది. రాత్రి డ్యూటీలో అర్ధరాత్రి బిర్యానీ పొట్లం, తెల్లారి ఇడ్లీ, పడుకుని లేచి మళ్ళీ అన్నం. వాళ్ళకి నేను చెప్పేది, డ్యూటీకి వెళ్ళే ముందు అసలు భోజనం ముగించి, రాత్రి మధ్యలోకి మజ్జిగ, ఉడికించిన గుడ్లు, శనగలు డబ్బాలో పట్టుకెళ్ళమని. షిఫ్టు మారినప్పుడల్లా మాత్ర వేళలు ఎలా మార్చాలో కాగితం మీద రాయించుకోమని.

మందు మానమనే వాళ్ళని నమ్మకండి

షుగరు బయటపడ్డ మూడో ఏట ఒకాయన ఇచ్చిన పొడి నమ్మి నేను నలభై రోజులు మాత్రలు ఆపేశాను. పరగడుపు షుగరు 312కి పోయింది. కాకరకాయ, మెంతులు, నేరేడు గింజలు తినండి, తప్పులేదు. నేనూ మెంతులు నానబెట్టి తింటాను. మాత్ర బదులు మాత్రం కాదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బీ12 తగ్గవచ్చు, అరికాళ్ళు తిమ్మిరెక్కుతుంటే ఆ పరీక్ష అడగండి. ఏడాదికోసారి కళ్ళు, కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోండి. కిడ్నీ దెబ్బతిన్నదని తేలితే పప్పులు, పళ్ళ గురించి నేను పైన రాసిందంతా పక్కన పెట్టి డాక్టరు గారు చెప్పిన కొలతే పాటించండి. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి అది ప్రమాదం.

డాక్టరు గారి దగ్గరికి వెళ్ళేటప్పుడు నేను కుట్టు కొలతలు రాసుకునే పుస్తకంలాంటిదే ఇంకొకటి పట్టుకెళతాను. తేదీ, ఏం తిన్నాను, తినే ముందు ఎంత, రెండు గంటలకి ఎంత, నడిచానా లేదా. పోయినసారి ఆయన ఆ పుస్తకం చాలాసేపు తిరగేసి, ఏ పూట షుగరు దిగిపోతోందో చూసి, రాత్రి మాత్ర సగానికి తగ్గించారు. హెచ్‌బీఏ1సీ అప్పుడు 6.8. పుస్తకం పెట్టే ఓపిక లేనివాళ్ళు గోడ క్యాలెండరు మీద రాయొచ్చు. మా వీధిలో ఒకామె పాల లెక్క రాసే గడిలోనే, పైన అర లీటరు అని, కింద ఎర్ర పెన్నుతో 158 అని రాస్తుంది. నెలాఖరుకి ఆ కాగితం చింపి డాక్టరు దగ్గరికి తీసుకెళుతుంది.